తెగిన బెల్టు, మూసిన నోరు

వాహనాల గురించి మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఈ పదేళ్ళలో బాగా పెరిగాయి. పూర్వం మా దగ్గరకు వచ్చే మస్‌అలాలు జకాత్ లెక్క, వారసత్వ పంపకం, తలాక్, ఇంటి అద్దె, పొలం కౌలు వంటివి. ఇప్పుడు ఖమ్మంలోనే కాదు, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వరకూ మధ్యతరగతి ముస్లిం ఇళ్ళ ముందు ఒక పాత కారు కనిపిస్తోంది. కారు అప్పు మీద వడ్డీ సంగతి ఏమిటి, బీమా ధర్మసమ్మతమేనా, ప్రమాద పరిహారం పుచ్చుకోవచ్చునా అని అడుగుతారు. గ్రంథాలు తిరగవేసి సమాధానం చెప్పటం మాకు అలవాటే. అయితే గత వర్షాకాలంలో ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు గ్రంథాలలో సగం సమాధానమే దొరికింది. మిగిలిన సగం కోసం మెకానిక్ షెడ్డుకు వెళ్ళవలసి వచ్చింది.

ఆయన చిన్న బట్టల వ్యాపారి. మూడు చేతులు మారిన ఒక డీజిల్ కారును పది నెలల క్రితం కొన్నారు. చింతూరులో బంధువుల ఇంట వలీమా విందు ముగించుకొని తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని తిరుగు ప్రయాణమయ్యారు. చింతూరు నుండి ఎటపాక మీదుగా భద్రాచలం వచ్చే 30వ నెంబరు జాతీయ రహదారి ఎలాంటిదో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పగలు చల్లని నీడ, చీకటి పడితే లారీల దీపాలు తప్ప మరేమీ ఉండదు. మగ్రిబ్ వేళ దాటింది. ఒక చిన్న దిగుడులో ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. పెద్ద శబ్దం కూడా రాలేదట. స్టీరింగు తిప్పలేనంత బరువెక్కింది. బ్రేకు రెండుసార్లు తొక్కితే పనిచేసింది, మూడోసారి పాదం కింద రాయిలా గట్టిపడింది. వెనుక ఒక లారీ హారన్ మోగిస్తూ వస్తోంది. ఎలాగో ఎడమవైపు మట్టిలోకి దించారు. బండి ఒక చెట్టు మొదలుకు ఆనుకొని నిలిచింది. లారీ పక్కనుంచి దూసుకుపోయింది.

ఫోనులో సిగ్నల్ లేదు. గంట తర్వాత ఇద్దరు కోయ యువకులు ట్రాక్టరు తీసుకువచ్చి, తాడు కట్టి భద్రాచలం దాకా లాక్కొచ్చారు. డీజిలు ఖర్చు తప్ప ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక.

మర్నాడు మెకానిక్ ఇంజను విప్పి చూశాడు. టైమింగ్ బెల్టు తెగింది. వాల్వులు వంగిపోయాయి. హెడ్డు దించాలి. కొత్త సామానుతో బాగుచేయిస్తే ఆ సోదరుని మూడు నెలల సంపాదన దానికే సరి. ఇక ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "హజ్రత్, వాడిన సామాను వేసి బండిని నడిచేలా చేస్తానంటున్నాడు మెకానిక్. అలా చేయించి అమ్మేస్తాను. కొనేవారు అడిగితే చెబుతాను. అడగకపోతే చెప్పను. నాకు అమ్మినాయన కూడా అంతే చేశాడు కదా. తప్పవుతుందా?"

ఆయన అడిగిన తీరు మాకు నచ్చింది. మోసం చేయదలచినవారు మదరసాకు రారు, నేరుగా బేరానికి పోతారు.

లోపమున్న సరుకును ఆ సంగతి చెప్పకుండా తోటి ముస్లిముకు అమ్మటం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి ఆయన చేయి పెట్టి చూడగా లోపలి తడి వేళ్ళకు తగిలిన ఉదంతం మన పిల్లలకు కూడా తెలుసు. ఆ వ్యాపారి ధాన్యాన్ని తడపలేదు. వాన తడిపింది. అయినా తడిసిన గింజలను అడుగున దాచి పైన పొడి గింజలు కనబడనిచ్చినందుకు మందలింపు పొందాడు. కొనేవాడు అడగలేదు గనుక నేను చెప్పలేదనే సాకుకు అక్కడే తలుపు మూసుకుపోయింది. వచ్చినాయన బట్టల వ్యాపారి కనుక, ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఉదంతం కూడా గుర్తుచేశాము. ఆయన కూడా బట్టల వ్యాపారే. లోపమున్న ఒక బట్టను భాగస్వామి ఆ సంగతి చెప్పటం మరచి అమ్మివేస్తే, కొన్నవారి జాడ దొరకనందున ఆ వచ్చిన సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు వ్రాశారు.

ఇంతవరకు సులభమే. చిక్కు ఆ తర్వాత వచ్చింది. తెగిపోయిన బెల్టు లోపమే, అందులో సందేహం లేదు. కాని తెగకముందు, గడువు మీరిన బెల్టుతో నడుస్తున్న బండికి లోపం ఉన్నట్లా, లేనట్లా? అమ్మిన రోజున బండి చక్కగా నడిచింది కదా! దీని మీదనే పాత యజమాని బాధ్యత ఆధారపడి ఉంటుంది. లోపం బయటపడితే కొన్నవారికి ఉండే హక్కును ఫిఖ్హ్ గ్రంథాలు ఖియారుల్ ఐబ్ అంటాయి. ఐబ్ అంటే ఏమిటో మేము ప్రతి ఏడాది విద్యార్థులకు ఖుదూరీలోనూ, ఆ తర్వాత హిదాయాలోనూ బోధిస్తాము: వర్తకుల వాడుకలో దేనివల్ల ధర తగ్గుతుందో అదే లోపం. అంటే లోపాన్ని తేల్చేది ముఫ్తీ కాదు, ఆ వృత్తిలో ఉన్నవారు. అందుకే మెకానిక్ షెడ్డు దారి పట్టాము.

వయసు మీరిన ఉస్తాద్ ఒకాయన మాకు బెల్టును చేతికిచ్చి చూపించారు. పళ్ళున్న రబ్బరు పట్టీ. లోపల సన్నని దారాలు. ఇంజను అడుగున పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంకు షాఫ్టును, పైన వాల్వులను తెరిచి మూసే క్యాం షాఫ్టును ఈ ఒక్క పట్టీ కలిపి ఉంచుతుంది. కింది షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి రెండు వేల చుట్ల వేగంతో ఇంజను నడుస్తుంటే, ఒక్కొక్క వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో వాల్వు తెరుచుకునే చోటికే పిస్టన్ కూడా వస్తుంది, కాకపోతే వేరే క్షణంలో. ఆ క్షణాల తేడాను కాపాడేది బెల్టే. అది తెగితే తెరుచుకున్న వాల్వును పిస్టన్ వచ్చి గుద్దుతుంది. అన్ని ఇంజన్లకూ బెల్టు ఉండదు, కొన్నింటికి గొలుసు ఉంటుంది. బెల్టు ఉన్నవాటికి మాత్రం కంపెనీ ఒక గడువు పెడుతుంది. బండిని బట్టి అరవై వేల నుండి లక్షన్నర కిలోమీటర్ల వరకు ఉంటుంది, లేదా ఇన్నేళ్ళని ఉంటుంది. ఏది ముందు వస్తే అదే గడువు. రబ్బరు నిలబడి ఉన్నా ముసలిదవుతుంది. పక్కనున్న సీలు కారి ఇంజను ఆయిల్ దాని మీద పడితే గడువుకు ఎంతో ముందే పాడవుతుంది.

మన దారులలో ఇప్పటికీ తిరుగుతున్న పాత 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవాలో, గడువు పూర్తికాగానే టి-బెల్ట్ అనే దీపం డాష్‌బోర్డు మీద వెలుగుతుంది. ఆ దీపాన్ని ఆర్పటం మెకానిక్‌కు రెండు నిమిషాల పని అని ఉస్తాద్ చెప్పారు. బెల్టు మార్చి ఆర్పవచ్చు, మార్చకుండానూ ఆర్పవచ్చు. ఇక మీటరునే వెనక్కి తిప్పేవారి సంగతి చెప్పేదేముంది!

"బెల్టు గడువు మీరిందని తెలిస్తే మీరు ఆ బండికి ధర తగ్గిస్తారా?" అని అడిగాము. ఆయనే కాదు, చుట్టుపక్కల మరో ముగ్గురు కూడా తగ్గిస్తామనే అన్నారు. ఒకరు మాత్రం నవ్వి, "తగ్గిస్తాం మౌలానా, కొనేటప్పుడు. అమ్మేటప్పుడు ఆ మాట ఎత్తం" అన్నారు. మాకు కావలసిన సమాధానం దొరికింది.

అమ్మినవారికి లోపం తెలియకపోయినా కొన్నవారి హక్కు పోదు. వస్తువు కొన్నవారి చేతిలో ఇంకా చెడిపోయి తిరిగి ఇచ్చే వీలు లేకపోతే, ఆ లోపం మేరకు ధరలో తగ్గింపు కోరవచ్చు. లోపాలన్నింటికీ బాధ్యత నాది కాదని అమ్మకం నాడే షరతు పెట్టి, అవతలివారు ఒప్పుకుంటే మన హనఫీ మార్గంలో ఆ షరతు చెల్లుతుంది. కాని తెలిసి దాచిన పాపం ఆ షరతుతో కడిగివేయబడదు. ఇక్కడ అటువంటి షరతేమీ లేదు. పాత యజమానిని పిలిపించాము. ఆయనా నమాజీయే. మొదట కోపగించుకున్నారు, పది నెలలు తిరిగిన బండికి తగ్గింపేమిటన్నారు. మూడు కూర్చోళ్ళ తర్వాత కొంత సొమ్ము విడతలుగా ఇవ్వటానికి ఒప్పుకున్నారు. బండి కూడా అమ్ముడైంది. టైమింగ్ బెల్టు తెగి హెడ్డు దించిన బండి అనీ, వాడిన వాల్వులు వేశామనీ కాగితం మీద వ్రాసి మరీ అమ్మారు. ధర తగ్గింది, తగ్గక తప్పదు.

అయితే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది బండిలో దొరికిన సర్వీసు పుస్తకం. మొదటి యజమాని బండి కొన్న రెండో ఏడాది నుండి మూడుసార్లు బెల్టు దగ్గర శబ్దం వస్తోందని, ఆయిల్ కారుతోందని చెప్పినట్లు అందులో ఉంది. మూడుసార్లూ పరీక్షించాము, సరిగానే ఉంది అని సర్వీసు సెంటరువారు వ్రాశారు. ఆయన నాలుగో ఏడాది బండిని అమ్మేశారు. ఆయన ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు. నెంబరు సంపాదించి ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు. జాబ్ కార్డులు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. ఫిర్యాదు ఎందుకు చేయలేదని అడిగాము. "పెద్ద కంపెనీతో మనమేం పెట్టుకుంటాం హజ్రత్, సబ్ర్ చేసుకున్నాను" అన్నారు.

ఆ మాట మమ్మల్ని నొప్పించింది. సబ్ర్ అన్నది దేవుడు విధించిన కష్టాన్ని ఓర్చుకోవటం. ఇతరులకు హాని కలిగించే లోపాన్ని తెలిసీ నోరు మూసుకొని, ఆ బండిని మరొకరికి అంటగట్టటానికి ఆ పేరు పెట్టరాదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత దేవుని మీద భారం వేయమన్న హదీసు మన జుమా ప్రసంగాలలో తరచూ వినిపిస్తుంది. కట్టిన తాడు చీకిపోయిందేమో చూడమని మాత్రం ఎవరూ చెప్పరు. ఫిర్యాదు చేయటం విశ్వాసికి తగదనుకునేవారు ఒక అన్సారీ తోటలోని ఒంటె ఉదంతం చదవాలి. దైవప్రవక్త (సఅసం) ఆ ఒంటె గోడును ఆలకించారు, యజమాని దాన్ని ఆకలితో ఉంచి అలిసిపోయేలా పనిచేయిస్తున్నాడని గ్రహించారు, అతన్ని పిలిపించి దైవభీతి గుర్తుచేశారు. నోరులేని జీవి ఫిర్యాదుకే అంత విలువ ఉంటే, నోరున్న మనం దేనికి వెనుకాడాలి?

ఫిర్యాదుకు దారి లేదనటానికీ వీలు లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110-ఎ అనే సెక్షనును చేర్చింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. అలా పిలిచిన కంపెనీ బండిని ఉచితంగా బాగుచేయాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా ధర తిరిగి ఇవ్వాలి. 2021 ఏప్రిల్ 1 నుండి నియమాలు అమలులోకి వచ్చాయి. జరిమానా పది లక్షల నుండి కోటి రూపాయల దాకా ఉంది. అయితే ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ నమూనా బండ్లు ఏడాదికి ఎన్ని అమ్ముడవుతాయో చూసి, దానికి తగినన్ని ఫిర్యాదులు చేరితేనే ప్రభుత్వం కదులుతుంది. అంటే ప్రతి ఫిర్యాదూ ఒక లెక్క, ప్రతి మౌనమూ ఆ లెక్కలో ఒక కోత. రెండోది, తయారై ఏడేళ్ళు మించని బండ్లకే ఈ నియమాలు వర్తిస్తాయి. మన ప్రాంతపు కుటుంబాల చేతికి బండి వచ్చేసరికి ఆ ఏడేళ్ళు దాదాపు అయిపోతాయి. మన బట్టల వ్యాపారి బండికి తొమ్మిదేళ్ళు. హైదరాబాదులో ఉన్నాయన మొదటి నాలుగేళ్ళలో వ్రాయవలసిన కాగితాన్ని ఖమ్మంలో ఉన్నాయన ఇప్పుడు వ్రాయలేరు.

ఫిర్యాదులు లెక్కకు వచ్చిన చోట ఏమి జరుగుతుందో చూడండి. 2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1,39,730 బండ్లను వెనక్కి పిలిచింది. ఆ బండ్లలో ఒక లీటరు ఇంజనుకు ఆయిల్ పంపును తిప్పే బెల్టు ఒకటి ఉంటుంది. ఆ బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చేయి విరిగే ప్రమాదముందని తేలింది. విరిగితే ఆయిల్ ఒత్తిడి పడిపోయి, ఇంజను నడిదారిలో ఆగి, బ్రేకు గట్టిపడుతుంది. మన సోదరునికి అడవిలో ఎదురైనది సరిగ్గా ఇదే. ఆ పిలుపులో ఉన్న ఎకోస్పోర్ట్ బండ్లు తయారైనది ఎక్కడో కాదు, చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో. మన పొరుగున తయారైన బండికి సముద్రం అవతల యజమానులు గొంతెత్తారు. మన దేశంలోనూ కంపెనీలు తమంతట తాము పిలిచిన సందర్భాలు ఉన్నాయి. 2021 సెప్టెంబరులో మారుతి 1,81,754 పెట్రోలు బండ్లను, 2023 ఆగస్టులో మహీంద్రా 1,08,306 ఎక్స్‌యూవీ 700 బండ్లను వేర్వేరు లోపాల పరీక్షకు పిలిచాయి. మీ బండి ఇటువంటి జాబితాలో ఉందేమో కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నెంబరు కొట్టి చూడవచ్చు. ఇంట్లో ఫోను చేతబట్టిన పిల్లలకు ఈ పని అప్పగించండి.

కొత్త బండి కొన్నవారికి, వ్యాపారి దగ్గర కొన్నవారికి వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, భద్రాచలం దాటగానే రాష్ట్రం మారుతుంది. బండి ఒక రాష్ట్రంలో కొని, మరొక రాష్ట్రంలో ఆగిపోతే ఎక్కడికి పోవాలని చాలామంది తికమకపడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు ఇవ్వాలి. సొంత జీవనోపాధి కోసం టాక్సీ నడుపుకునేవారిని కూడా చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. 1915 నెంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. ఇరుగుపొరుగు ఒకరికొకరు అమ్ముకున్న బండికి మాత్రం ఈ దారి పనిచేయదు. అక్కడ మిగిలేది మన ధర్మమూ, పెద్దల పంచాయితీయే. ఏ దారిన వెళ్ళినా కాగితం కావాలి. సర్వీసు సెంటరులో నోటితో చెప్పి రాకండి. జాబ్ కార్డులో మీ మాట మీ ఎదుటనే వ్రాయించండి, నకలు తెచ్చుకోండి.

ఉస్తాద్ చెప్పిన మరికొన్ని సంగతులు స్త్రీలు, పిల్లలతో అడవిదారిన పోయేవారికి ఉపయోగపడతాయి. ఇంజను బయట మరొక బెల్టు ఉంటుంది, దాన్ని ఫ్యాన్ బెల్టు అంటారు. అది తెగితే బ్యాటరీ గుర్తున్న ఎర్ర దీపం వెలుగుతుంది, చాలా బండ్లలో వేడి కూడా పెరుగుతుంది. పాత డీజిల్ బండ్లు కొన్నింటిలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు కూడా ఆల్టర్నేటరుకే అమర్చి ఉంటుంది. కనుక ఎర్ర దీపాన్ని చూసి ఇంటికి వెళ్ళాక చూద్దాం అనుకోవటం ప్రమాదం. నడుస్తుండగా ఇంజను ఆగితే బ్రేకును మాటిమాటికీ తొక్కకూడదు. ఒకేసారి బలంగా తొక్కి పట్టి ఉంచాలి, గేరు తగ్గించాలి, హ్యాండ్‌బ్రేకును మెల్లగా లాగాలి. హెచ్చరిక దీపాలు వేసి, చక్రానికి రాయి అడ్డుపెట్టి, అందరినీ దించి రోడ్డుకు దూరంగా ఎడమవైపు నిలబెట్టాలి. మళ్ళీ మళ్ళీ తాళం తిప్పి స్టార్టు చేయబోవద్దు, నెట్టించవద్దు. తెగిన బెల్టుతో తిప్పిన ప్రతి చుట్టూ మరో వాల్వును వంచుతుంది. జాతీయ రహదారి మీద సిగ్నల్ అందితే 1033కు చెప్పవచ్చు. పాత బండి కొనేటప్పుడు మీటరును నమ్మక, బెల్టు మార్చిన రసీదు అడగాలి. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చును బేరంలోనే తీసివేసి, టెన్షనర్‌తో సహా వెంటనే మార్పించుకోవాలి.

మా మదరసా పిల్లలను సెలవులకు చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్ళకు చేర్చే బండి ఒకటి ఉంది. ఈ ఏడాది షాబాన్ నెలలో దాని యజమానిని బెల్టు మార్చిన రసీదు చూపించమని అడిగాము. పదేళ్ళ పరిచయంలో ఎన్నడూ లేని అనుమానం ఇప్పుడెందుకని ఆయన నొచ్చుకున్నారు. వారం తర్వాత రసీదు తెచ్చి మా చేతిలో పెట్టారు. దాని మీది తేదీ అంతకు రెండు రోజుల కిందటిది.